తెలుపు కోసం పోయిన చెవులు

తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అంచున, రాజపాళయం అనే ఊరుంది. నూలు మిల్లులూ మామిడి తోటలూ ఉన్న ఊరు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పూసపాటి కుమారస్వామి రాజా ఈ ఊరివాడే. ఆ ఇంటిపేరు వినగానే మనవాళ్లకు విజయనగరం గజపతులు గుర్తుకొస్తారు. హంపీ ప్రభువుల కాలంలో తెలుగునేల నుంచి దక్షిణానికి వలసపోయిన రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. బడిలో తమిళం, బజార్లో తమిళం. ఇంట్లో మాత్రం ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా తెలుగే.

భాషతో పాటు ఆ కుటుంబాలు మరొకదాన్ని కూడా చేజారనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాయి. ఊరి పేరుతోనే దాన్ని రాజపాళయం కుక్క అంటున్నాం. భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. లోతైన రొమ్ము, లోపలికి పీక్కుపోయిన పొట్ట, పొడవాటి కాళ్లు. ఒంటి మీద వెంట్రుక పొట్టిగా, పలచగా, పాలలా తెల్లగా ఉంటుంది. ఎండలో నిలబెట్టి చూస్తే ఆ తెలుపు కింద గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. ముక్కూ గులాబీయే. కళ్లు మాత్రం బంగారు రంగు. అడవిపందిని నిలేసే కుక్కగా, పాళెగాళ్ల యుద్ధాల్లో గుర్రాల మీదికి ఉరికిన కుక్కగా దీనికి పేరు చెబుతారు. కొత్తవాళ్ల చేయి ఒంటి మీద పడనివ్వదు, యజమాని మాట తప్ప ఇంకొకరి మాట వినదు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కజాతుల మీద నాలుగు బిళ్లలు వేస్తే వాటిలో ఒకటి దీనిది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ కూడా దీన్ని దేశీ జాతిగా నమోదు చేసింది.

ఇంత పేరున్న కుక్కకు ఒక లోపం ఉంది. పుట్టిన పిల్లల్లో చెవిటివి వస్తుంటాయి. ఈ జాతిని పెంచేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, దాచుకునేదీ కాదు. ఎందుకు వస్తున్నాయన్నదే ఈ అధ్యాయంలో చెప్పుకోవాల్సిన కథ. ఆ కథలో దోషం కుక్కది కాదు, ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. తరతరాలుగా ఏ గుణాన్ని చూసి పిల్లను ఉంచుకున్నారు, ఏ గుణాన్ని చూసి వదులుకున్నారు అన్నదాంట్లో ఉంది కిటుకంతా.

ఇలాంటి ఇంటి పెంపకంలో పుస్తకం ఉండదు. ఇంటి పెద్దాయన జ్ఞాపకమే పుస్తకం. ఫలానావారి మగకుక్క నాన్నగారి రోజుల్లో పందిని ఒంటరిగా నిలేసింది, ఫలానా ఇంటి ఆడకుక్క ఈతకు ఎనిమిది పిల్లల్ని పెట్టేది, దాని కూతురే ఇది అని ఆయన చెబుతుంటే నాలుగైదు తరాల కుక్కలు కళ్ల ముందు నిలుస్తాయి. ఈ జ్ఞాపకం తక్కువదేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లో స్టడ్‌బుక్కులు పుట్టకముందు ప్రపంచంలో ఏ పశుజాతి అయినా ఇలాగే నిలిచింది. రాజపాళయంలో ఈ జ్ఞాపకానికి తోడు ఒక కట్టుబాటు కూడా నడిచింది. పిల్ల మచ్చ లేకుండా తెల్లగా ఉండాలి. ఈతలో మచ్చలతోనో, గోధుమ రంగుతోనో, నల్లగానో పిల్ల పుడితే దాన్ని పుట్టిన రోజుల్లోనే తీసేసేవాళ్లు. ఆ పిల్లలతో పాటు ఏం పోయిందో తెలియాలంటే పిండం దశ దాకా వెనక్కి వెళ్లాలి.

తల్లి కడుపులో పిండానికి ఇంకా రూపం కూడా సరిగా రాని రోజుల్లో, వీపు పొడవునా ఏర్పడే నాడీ నాళం అంచుల నుంచి కొన్ని కణాలు విడిపోతాయి. వీటిని నాడీ శిఖర కణాలంటారు. ఇవి పుట్టిన చోట ఉండిపోవు. వీపు నుంచి పక్కల మీదుగా పొట్టవైపు, తలవైపు, కాళ్ల చివరల దాకా వలస పోతాయి. వాటిలో కొన్ని చర్మంలో స్థిరపడి మెలనిన్ అనే రంగు తయారు చేస్తాయి. ఇవే మెలనోసైట్లు. వలసకు బయల్దేరిన కణాలు తగ్గినా, దారిలో చచ్చిపోయినా, అన్నిటికంటే దూరంగా ఉన్న చోట్లకు రంగు అందదు. చాలా కుక్కల్లో రొమ్ము మీద, కాళ్ల కొనల్లో, తోక చివర తెలుపు ఉండేది అందుకే. వీధికుక్కల్ని గమనించినా ఈ లెక్క కనిపిస్తుంది. వలస మరీ తగ్గిపోతే ఒళ్లంతా తెల్లబడుతుంది. ఆ తెలుపు ఒక రంగు కాదు, రంగు వేసే కణాలు అక్కడ లేకపోవడం.

ఆ వలస కణాల్లో కొన్ని చర్మంలోకి కాక లోపలి చెవిలోకి కూడా వెళతాయి. బయట ఎవరికీ కనిపించని ఆ చోట రంగుతో వాటికేం పని? నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా గోడ మీద రక్తనాళాలతో నిండిన సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. స్ట్రయా వాస్క్యులారిస్ అంటారు దాన్ని. మెలనోసైట్లు ఆ పట్టీ మధ్య పొరలో కూర్చుని, లోపలి ద్రవంలో పొటాషియం మోతాదు ఎక్కువగా ఉండేలా చూస్తాయి. దానివల్ల ఆ ద్రవానికి సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్ పీడనం వస్తుంది. శబ్దాన్ని అందుకునే రోమకణాలకు బ్యాటరీ అదే. మెలనోసైట్లు అక్కడికి చేరకపోతే ఆ పట్టీ క్షీణిస్తుంది. పీడనం పడిపోతుంది. దాంతో రోమకణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. పిల్లకు మూడు నాలుగు వారాల వయసు వచ్చేసరికి ఆ చెవి మూగబోతుంది. పోయిన రోమకణాలు కుక్కకు మళ్లీ పుట్టవు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. ఇంత తెల్లగా, గులాబీ ముక్కుతో ఉన్నది అల్బినో అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పత్రికల్లో కూడా అలా రాస్తుంటారు. అల్బినో జంతువులో మెలనోసైట్లు ఉండాల్సిన చోటికి చక్కగా చేరతాయి. అవి మెలనిన్ తయారు చేయలేవు, అంతే. చెవిలో వాటి పని మెలనిన్ మీద ఆధారపడదు కాబట్టి అల్బినో జంతువుకు మామూలుగా చెవుడు రాదు. రాజపాళయం కుక్క కంటిలో బంగారు వన్నె ఉంది. అంటే రంగు తయారు చేసే యంత్రాంగం చెడిపోలేదు. చర్మంలో ఆ కణాలు కొరవడ్డాయి. బయటికి రెండూ ఒకే తెలుపులా కనిపిస్తాయి. ఒకటి చెవికి చేటు చేయదు, రెండోది చేస్తుంది.

తెలుపుకూ చెవుడుకూ ముడి ఉందన్న సంగతి సైన్సు గ్రంథాల్లోకి ఎక్కి చాలా కాలమైంది. ఒళ్లంతా తెల్లగా, కళ్లు నీలంగా ఉండే పిల్లులు తరచూ చెవిటివవుతాయని డార్విన్ తన ‘జాతుల పుట్టుక’లోనే ప్రస్తావించాడు. ఒక అవయవాన్ని ఎంపిక చేస్తూ పోతే దానితో ముడిపడిన ఇంకొకటి మనిషికి తెలియకుండానే మారిపోతుందని చెప్పడానికి ఆయన ఎత్తుకున్న ఉదాహరణల్లో అదొకటి. ఆ ముడి ఏ కణాల చేతుల్లో ఉందో ఆయన రోజుల్లో ఎవరికీ తెలియదు. 2005లో టాషా అనే బాక్సర్ ఆడకుక్క జన్యుపటం మొత్తం చదివారు. రెండేళ్ల తర్వాత, కొద్దిపాటి బాక్సర్ కుక్కల డీఎన్ఏతోనే, తెల్ల మచ్చల వెనక ఎంఐటీఎఫ్ అనే జన్యువు ఉందని తేల్చారు. మెలనోసైట్లు బతకాలన్నా, పెరగాలన్నా ఈ జన్యువు ఆదేశం కావాలి.

బాక్సర్ సంగతి విచిత్రం. ఆ జాతిలో రొమ్మూ కాళ్లూ తెల్లగా ఉన్న గోధుమరంగు కుక్కంటే షోల్లో మోజు. అలాంటి రెండింటిని జతకడితే సగటున నాలుగింట ఒక పిల్ల పూర్తి తెల్లగా పుడుతుంది. ఆ తెల్లపిల్లను బాక్సర్ పెంపకందార్లు వద్దనుకున్నారు. అది షోకు పనికిరాదు. ఎన్నో ఏళ్ల పాటు వాటినీ పుట్టగానే చంపేసేవాళ్లు. అక్కడ తెల్లపిల్లకు పట్టిన గతే రాజపాళయంలో రంగుపిల్లకు పట్టింది.

డాల్మేషియన్ కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. ఆ జాతి పిల్ల పుట్టినప్పుడు తెల్లగానే ఉంటుంది. మనందరికీ తెలిసిన నల్ల చుక్కలు రెండో వారంలో మొదలవుతాయి. అప్పుడప్పుడూ ఒక పిల్ల మాత్రం పుట్టుకతోనే చెవి మీదో కంటి చుట్టూనో పెద్ద నల్ల పట్టుతో పుడుతుంది. షో నిబంధనల ప్రకారం అది తప్పు, ఆ పిల్ల రింగులోకి రాదు. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జార్జి స్ట్రెయిన్ అయిదు వేలకు పైగా డాల్మేషియన్ల వినికిడిని పరీక్షించి లెక్కలు తీశాడు. సుమారు 8 శాతం రెండు చెవులా చెవిటివి. ఇంకో 22 శాతం దాకా ఒక చెవికి వినపడనివి. ఎవరూ కోరని ఆ నల్ల పట్టు పిల్లల్లో మాత్రం చెవుడు బాగా తక్కువ. తల దగ్గర పట్టు ఏర్పడిందంటే అక్కడికి మెలనోసైట్లు పుష్కలంగా చేరాయన్నమాట. ఆ దారిలోనే చెవిలోకీ చేరాయి. జాతిలో మంచి చెవులున్న పిల్లల్నే ఏరి పక్కన పెట్టేశాయి నిబంధనలు. రాజపాళయం ఇళ్లలో మచ్చపిల్లల్ని తీసేసినప్పుడు జరిగింది కూడా ఇదేనని నా అభిప్రాయం.

మరి వందల ఏళ్లుగా తెల్లకుక్కల్నే ఎంచుకుంటూ వస్తే జాతి ఎప్పుడో చెవిటిది కావాలి కదా? కాకపోవడానికి కారణం అడవి. వేటకుక్క చీకట్లో పొదచాటున పంది కదలిక వినాలి, యజమాని ఈలకు తిరగాలి, గుంపులో పక్క కుక్క మొరుగు విని దిశ మార్చుకోవాలి. వినపడని కుక్క ఒకటి రెండు వేటలు దాటదు. దాటినా ఎవరూ దానితో పిల్లల్ని పెట్టించరు. ఒకవైపు మనిషి కన్ను తెలుపును ఎంచుకుంటుంటే, ఇంకోవైపు పని చెవిని ఎంచుకుంటూ వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అడవుల్ని కాపాడిన చట్టం, రావలసిన చట్టమే. దాంతో వేట ముగిసి, కుక్క తోట కాపలాకీ ఇంటి గుమ్మానికీ డాగ్ షో రింగుకీ పరిమితమైంది. కన్ను చేసే ఎంపిక మిగిలింది, చెవి చేసే ఎంపిక పోయింది.

షో అనేది మనిషి చరిత్రలో నిన్న మొన్నటి సంగతి. ఇప్పటి తీరు డాగ్ షో మొదటిసారి 1859 జూన్‌లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జరిగింది. తుపాకులే బహుమతులు. అదే ఏడాది నవంబరులో డార్విన్ పుస్తకం వచ్చింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడి, ఏ జాతి ఎలా ఉండాలో కాగితం మీద పెట్టే పద్ధతి స్థిరపడింది. ఆ పద్ధతే మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దాకా వచ్చింది. రింగులో జడ్జి ఏం చేస్తాడో చూడండి. కుక్క మూతి తెరిచి పళ్ల కూర్పు చూస్తాడు. వీపు మీద, తొడల మీద చేయి వేసి ఎముక తీరు చూస్తాడు. మగదైతే వృషణాలు రెండూ దిగాయో లేదో తడుముతాడు. తిన్నగా ఒకసారి, గుండ్రంగా ఒకసారి నడిపించి నడక చూస్తాడు. ఇదంతా నేర్పున్న పని, ఏళ్ల తరబడి చేయి తిరిగితే గానీ రాదు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక చెవికి వినపడని కుక్కను పట్టుకునే అవకాశం మాత్రం ఆయనకు లేదు. అది కప్పు కొట్టేస్తుంది. కప్పు కొట్టిన మగకుక్క కోసం ఎద మీదున్న ఆడకుక్కల్ని ఊళ్ల నుంచి వెంటబెట్టుకుని వస్తారు.

ఇక్కడ మొదలవుతుంది రెండో చిక్కు. మేనరికాల లెక్క తెలిసిన తెలుగు పాఠకులకు దీన్ని వివరించడం తేలిక. బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశాన్ని అంతఃప్రజనన గుణకం అంటారు. మేనత్త మేనమామల పిల్లలు చేసుకుంటే పుట్టే బిడ్డకు అది పదహారింట ఒకటి. మేనమామ అక్కకూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. ఒకే ఛాంపియన్‌కు వేర్వేరు ఆడకుక్కల కడుపున పుట్టిన పిల్లల్ని జతకట్టినా అంతే. తండ్రీ కూతుళ్లను, అన్నాచెల్లెళ్లను జతకడితే నాలుగింట ఒకటి. ‘రక్తం నిలపడం’ పేరుతో కుక్కల్లో ఈ చివరి రకం జతలు కూడా కట్టిస్తారు. గోత్రం కలిసిందని సంబంధం వదులుకునే ఇంట్లోనే తండ్రీ కూతురి జతతో ఈత తీస్తారు. కుక్కకు గోత్రం లేదు గానీ, దాచుకున్న దోషం రెండు వైపుల నుంచీ కలిస్తే ఏమవుతుందన్నది అందరికీ ఒకటే లెక్క.

బ్రిటన్ కెన్నెల్ క్లబ్ రికార్డుల్ని తిరగేసి 2008లో ఇంపీరియల్ కాలేజీ బృందం ఒక లెక్క చెప్పింది. అక్కడి బాక్సర్లు ఇరవై వేల దాకా ఉన్నా, జన్యు వైవిధ్యంలో అవి ఒకదానితో ఒకటి బంధుత్వం లేని సుమారు 70 కుక్కలకు సమానం. వాళ్లు చూసిన పది జాతుల్లో మూడు తప్ప మిగిలిన వాటిలో అరుదైన జన్యురూపాలు ఆరు తరాల్లోనే 90 శాతానికి పైగా మాయమయ్యాయి. ఆరు తరాలంటే మనుషుల లెక్కలో నూట యాభై ఏళ్లు. కుక్కకు మూడు నాలుగేళ్లకే ఒక తరం కాబట్టి పాతికేళ్లు చాలు. తండ్రి చేతిలోని కుక్కలు కొడుకు చేతికి వచ్చేలోపు ఆ సంపద కరిగిపోతుంది. ఇంట్లో ఎవరికీ తేడా కనిపించదు, ఎందుకంటే కుక్క అదే తెలుపులో, అదే ఎత్తులో, అదే నడకతో ఉంటుంది.

జ్ఞాపకమనే పుస్తకం ఇక్కడే చాలదు. పెద్దాయనకు రెండు చెవులూ పోయిన పిల్ల గుర్తుంటుంది. అది తల్లి లోపలికి వచ్చినా నిద్రలేవదు. తోటిపిల్ల కుయ్యిమన్నా వదలకుండా కొరుకుతుంది, ఆ కేక దానికి వినపడదు కాబట్టి. ఒక చెవి పనిచేసే పిల్ల మాత్రం అన్ని పనులూ మామూలుగా చేసుకుపోతుంది. పిలుపు ఎటు నుంచి వచ్చిందో తేల్చుకోలేక ఒక క్షణం అటూ ఇటూ చూస్తుంది, అంతే. దాన్ని మొండితనం అనుకుంటారు. అలాంటి కుక్కే పది ఈతలకు తండ్రి అయి లోపాన్ని పంచుతుంది. చెవుడు ఒకే జన్యువు మీద తేలే వ్యవహారం కాదు గనక ఎప్పుడు పైకి తేలుతుందో ఊహించలేం. రెండు చెవులూ వినే తల్లిదండ్రులకు కూడా చెవిటిపిల్ల పుట్టవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఒక చెవి పోయి ఉంటే అలాంటి పిల్లలు ఎక్కువ పుడతాయి.

ఇంట్లో పళ్లెం మోగించి చేసే పరీక్షకు ఒక చెవి చాలు, కుక్క గట్టెక్కేస్తుంది. పైగా పిల్లలన్నీ కలిసి పడుకున్నప్పుడు పళ్లెం మోగిస్తే పక్కపిల్ల కదలికకే చెవిటిపిల్లా లేస్తుంది. బేర్ అనే పరీక్ష ఒక్కటే దీన్ని తేలుస్తుంది. అయిదారు వారాల పిల్లకు తల మీద చర్మం కింద సన్నటి సూది ఎలక్ట్రోడ్లు పెడతారు. చిన్న గొట్టం ద్వారా ఒక్కో చెవిలోకి విడివిడిగా టిక్కుటిక్కుమనే శబ్దాన్ని పంపుతారు. చెవి పనిచేస్తుంటే మొదటి పది మిల్లీసెకన్లలోనే మెదడు కాండం నుంచి వరసగా అలలు తెర మీద లేస్తాయి. చెవుడైతే సరళరేఖ. పిల్లకు నొప్పి దాదాపు ఉండదు, కొన్ని పిల్లలు నిద్రలోనే పరీక్ష ముగించేస్తాయి. ఈ పరికరం ప్రతి ఊళ్లోనూ దొరకదు. ఒక డాగ్ షోకి వందల మైళ్లు కుక్కను కారులో తీసుకుపోయేవాళ్లు, జీవితంలో ఒకే ఒక్కసారి, ఈ పరీక్ష కోసం పశువైద్య కళాశాల దాకా వెళ్లడం పెద్ద కష్టమని నేననుకోను.

తెల్లరంగును వదులుకోమని ఎవరూ అడగడం లేదు. పశ్చిమ దేశాల డాల్మేషియన్ పెంపకందార్లు కూడా చుక్కల్ని వదులుకోలేదు. పరీక్ష చేయించి, ఒక చెవికి వినపడనివాటితో కూడా పిల్లలు పెట్టించడం మానేశారు. బ్రిటన్‌లో నీలికళ్ల కుక్కల్ని కూడా వంశం నుంచి తప్పించారు, కంటిలో నీలం కూడా మెలనోసైట్లు తగ్గాయనే చెబుతుంది గనక. అక్కడ చెవుడు అమెరికాలో కంటే తక్కువగా నమోదైంది. ఆ జాతికే ఇంకో జన్యులోపం ఉంది. మూత్రంలో యూరిక్ ఆమ్లం పేరుకుని రాళ్లు కడతాయి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒకే ఒక్కసారి పాయింటర్ కుక్కతో సంకరం చేయించి, తర్వాత పుట్టిన ప్రతి తరాన్నీ మళ్లీ డాల్మేషియన్లతోనే జతకడుతూ పోయాడు. ఆరోగ్యమైన జన్యువు నిలిచింది, మిగిలినదంతా డాల్మేషియనే. ఆ వంశాన్ని ఒప్పుకోవడానికి అమెరికన్ కెన్నెల్ క్లబ్‌కు 2011 దాకా పట్టింది. జాతి చెడిపోతుందన్న భయమే ఆ ఆలస్యానికి మూలం. జాతి చెడలేదు.

రాజపాళయానికి బయటి రక్తం అక్కర్లేకపోవచ్చు. ఆ ఊరి చుట్టూ ఊళ్లలో, ఒకరితో ఒకరు కుక్కల్ని కలపని ఇళ్లలో, మచ్చలున్నందుకు షోకు పోని కుక్కల్లో కావలసిన వైవిధ్యం ఇంకా ఉండి ఉంటుంది. మచ్చపిల్లను పెరగనిచ్చి, చెవులు పరీక్షించి, తెల్లకుక్కతో జతకడితే రెండు మూడు తరాల్లో మళ్లీ తెల్లపిల్లలు వస్తాయి. అందుకు కావలసింది ఒక రిజిస్టరు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు రికార్డులు రాయాలని ఎలాగూ చెబుతున్నాయి. ఆ రికార్డులో పిల్ల పుట్టిన తేదీ, తల్లీ తండ్రీ, అమ్మిన ఇల్లు రాసి వదిలేస్తే దానితో సైన్సుకు పని లేదు. ఈతలో ఎన్ని పుట్టాయి, వాటిలో ఎన్ని బతికాయి, ఏ పిల్లకు ఎక్కడ మచ్చ ఉంది, ఎడమ చెవి, కుడి చెవి విడివిడిగా ఎలా ఉన్నాయి, ఇవి రాయాలి. బతకని పిల్లల లెక్కే ముందు రాయాలి. పెంపకందారు మరిచిపోవాలనుకునేది అదే గనక.

పరీక్షలో చెవుడు తేలిన పిల్లను చంపాల్సిన పని లేదు. చేతి సైగలకు కుక్క మాటల కంటే త్వరగా అలవాటు పడుతుంది. దాన్ని రోడ్డు మీదికి వదలకూడదు, ప్రహరీ లోపలే పెంచాలి. నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది కాబట్టి, ముందు నేల మీద కాలితో తట్టి లేపాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ సంగతి వాళ్లకు మొదటి రోజే చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, కొనుక్కునేవాళ్లకు చెవుడు సంగతి దాచకుండా చెప్పాలి. ఒక చెవి పోయినదానికైతే ఈ జాగ్రత్తలు కూడా అన్నీ అక్కర్లేదు. ఆపరేషన్ మాత్రం తప్పదు, అది కప్పు కొట్టిన కుక్క అయినా సరే.